నిన్నటిదాకా రన్ అయిన ప్రాజెక్ట్ ఇవాళ ఎందుకు ఆగింది? అప్‌గ్రేడ్ తర్వాత వచ్చే బిల్డ్ ఎర్రర్లని చదవడం ఎలా

ఈ ఎపిసోడ్‌ని ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను.

మొన్నామధ్య రాత్రి పదకొండున్నరకి మా కాలేజీ జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. బీటెక్ ఫైనల్ ఇయర్. హలో కూడా లేదు. "అన్నా, ప్రాజెక్ట్ పోయిందన్నా. రేపు పొద్దున పదింటికి రివ్యూ. నిన్నటిదాకా బాగానే రన్ అయింది, ఇవాళ స్క్రీనంతా ఎరుపే" అన్నాడు.

"కోడ్‌లో ఏం మార్చావురా?" అని అడిగాను.

"ఒక్క లైన్ కూడా ముట్టుకోలేదన్నా. ఆండ్రాయిడ్ స్టూడియో అప్‌డేట్ అడిగితే ఓకే కొట్టాను, అంతే."

ఆ "అంతే" ఉంది చూశారూ, దానికి బలైపోయిన రాత్రులు నాకూ చాలానే ఉన్నాయి. మీలో యాప్ ప్రాజెక్ట్ చేస్తున్నవాళ్లకి ఇది ఇప్పటికే జరిగి ఉంటుంది. ఇంకా జరగకపోతే తప్పకుండా జరుగుతుంది. అందుకే ఈ రోజు ఆ రాత్రి మేమిద్దరం ఏం చేశామో, ఆ తర్వాత ఆదివారం ఏం చేశామో వరసగా చెబుతాను. చివర్లో నేను ఉద్యోగంలో చేసిన ఒక తప్పు కూడా చెబుతాను. అది ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కాదు, నిజంగా జనం వాడే యాప్.

అసలు బిల్డ్ అంటే ఏంటి?

ముందు కోడింగ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మీ ఫోన్‌లో ఉన్న ప్రతి యాప్ మొదట మనుషులు రాసిన కోడ్. ఆ కోడ్ ఫోన్‌కి నేరుగా అర్థం కాదు. దాన్ని మార్చి, బొమ్మలూ రంగులూ అన్నీ చేర్చి, ఇన్‌స్టాల్ అయ్యే ఒక ప్యాకేజీగా కట్టాలి. ఆ కట్టే పనినే బిల్డ్ అంటాం.

ఈ పని ఒక్క సాఫ్ట్‌వేర్ చేయదు. ఆండ్రాయిడ్‌లో అయితే ముఖ్యంగా నలుగురు ఉంటారు. ఒకటి గ్రేడిల్. ఇది మేస్త్రి లాంటిది, ఏ పని ముందు, ఏ పని తర్వాత అని చూసుకుంటుంది. రెండు, ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్. దీన్ని పొట్టిగా ఏజీపీ అంటారు. గ్రేడిల్‌కి ఆండ్రాయిడ్ యాప్ ఎలా కట్టాలో నేర్పేది ఇదే. మూడు, కాట్లిన్ కంపైలర్. మనం రాసిన కోడ్‌ని మార్చేది. నాలుగు, జేడీకే, అంటే జావా కిట్. గ్రేడిల్ నిలబడి పనిచేసే నేల ఇది. గ్రేడిల్ కూడా ఒక జావా ప్రోగ్రామే కాబట్టి అది నడవడానికి కూడా జావా కావాలి. ఈ చివరి విషయం చాలామంది మర్చిపోతారు. గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఈ నలుగురికీ ఎవరి వెర్షన్ నంబర్ వాళ్లకుంది. ఎవరు ఎవరితో కలిసి పనిచేస్తారో ఒక ఒప్పందం ఉంటుంది. ఉదాహరణకి ఏజీపీ 8.0 నడవాలంటే గ్రేడిల్ కనీసం 8.0 ఉండాలి, జావా 17 ఉండాలి. ఏజీపీ 8.6 కావాలంటే గ్రేడిల్ 8.7 కావాలి. ఈ జతల పట్టిక ఆండ్రాయిడ్ డెవలపర్స్ సైట్‌లో ఉంటుంది.

పెళ్లి ముహూర్తం మారిందనుకోండి. ఒక్క పంతులుగారికి చెబితే సరిపోతుందా? ఫంక్షన్ హాలు వాళ్లకి చెప్పాలి, వంటవాళ్లకి చెప్పాలి, మేళం వాళ్లకి చెప్పాలి. ఒక్కరికి చెప్పడం మర్చిపోయినా ఆ రోజు అక్కడ గొడవే. ఆ గొడవలో ఎవరి పనితనంలోనూ లోపం లేదు. ఒకరికి కబురు అందలేదు, అంతే. అప్‌గ్రేడ్ తర్వాత వచ్చే బిల్డ్ ఎర్రర్లలో చాలాభాగం ఇలాంటివే. మీ కోడ్ తప్పు కాదు. ఇద్దరి మధ్య ఒప్పందం తెగింది. ఆ ఇద్దరు ఎవరో కనిపెట్టడమే మన పని.

ఎరుపు రంగు చూసి భయపడకుండా చదవడం

మా వాడు ఏం చేశాడో తెలుసా? ఎర్రర్ చదవలేదు. కనిపించిన మొదటి లైన్ కాపీ చేసి సెర్చ్ చేశాడు. వచ్చిన జవాబులన్నీ ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించాడు. గ్రేడిల్ వెర్షన్ మార్చాడు. కాట్లిన్ వెర్షన్ మార్చాడు. ఎవరో క్యాష్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేయమంటే అదీ చేశాడు. దాంతో లైబ్రరీలన్నీ మళ్లీ మొదట్నుంచి డౌన్‌లోడ్ అవ్వడం మొదలైంది. హాస్టల్‌లో వైఫై లేదు, మొబైల్ డేటా. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్. పదిన్నరకే ఖాళీ.

ఇప్పుడు వాడి దగ్గర ఒక సమస్య కాదు, ఐదు ఉన్నాయి. ఒకటి అప్‌డేట్ తెచ్చింది. నాలుగు వాడే తెచ్చుకున్నాడు.

సరే, "ఎర్రర్ మొత్తం చదువు" అన్నాను. "చాలా పెద్దదన్నా, నూట యాభై లైన్లుంది" అన్నాడు. నూట యాభై చదవక్కర్లేదు. గ్రేడిల్ ఫెయిల్ అయితే "వాట్ వెంట్ రాంగ్" అని ఒక హెడ్డింగ్ వేస్తుంది. అంటే ఏం తప్పు జరిగిందో ఇక్కడ ఉందని అదే చెబుతోంది. ముందు దాని కింద ఉన్న రెండు మూడు లైన్లు చదవండి. అక్కడ అర్థం కాకపోతే కిందకి వెళ్లండి. "కాజ్డ్ బై" అని మొదలయ్యే లైన్లు ఉంటాయి. ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు వస్తాయి. మామూలుగా అన్నిటికంటే కింద ఉన్న "కాజ్డ్ బై" అసలు కారణం. పైనున్నవి దాని వల్ల వచ్చిన ప్రకంపనలు.

ఇంకోటి. పసుపు రంగు వార్నింగ్‌లు వేరు, ఎర్రర్లు వేరు. కాట్లిన్ కంపైలర్ అయితే వార్నింగ్ లైన్ ముందు "డబ్ల్యూ" అని, ఎర్రర్ లైన్ ముందు "ఈ" అని పెడుతుంది. వంద డబ్ల్యూల మధ్య ఒక్క ఈ ఉండొచ్చు. దాన్ని పట్టుకోండి. డబ్ల్యూలతో యుద్ధం తర్వాత చేయొచ్చు.

మా వాడు కిందకి వెళ్లి చదివాడు. "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65."

నాకు నవ్వొచ్చింది. ఈ ఒక్క లైన్‌తో సగం కథ తేలిపోయింది.

65 లోంచి 44 తీసేయండి

ఈ చిట్కా రాసి పెట్టుకోండి. జావా కంపైల్ చేసిన ప్రతి ఫైల్ మొదట్లో ఒక నంబర్ ఉంటుంది, అది ఏ తరం జావాదో చెప్పడానికి. జావా 8 అయితే 52. జావా 11 అయితే 55. జావా 17 అయితే 61. జావా 21 అయితే 65. ఎర్రర్‌లో వచ్చిన నంబర్‌లోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వచ్చేస్తుంది. 65 మైనస్ 44, 21.

అంటే ఆ ఎర్రర్ అంటున్నదేంటి? "ఎవరో నా చేతికి జావా 21 ఫైల్ ఇచ్చారు, నాకు అంత కొత్తది చదవడం రాదు" అని గ్రేడిల్ మొత్తుకుంటోంది. మా వాడి ప్రాజెక్ట్ ఒక సీనియర్ దగ్గర నుంచి వచ్చింది. అందులో గ్రేడిల్ 7.3.3, ఏజీపీ 7.2. గ్రేడిల్ 7.3 జావా 17 వరకే నడుస్తుంది. జావా 21 మీద నడవాలంటే గ్రేడిల్ 8.5 కావాలి. కొత్త స్టూడియో తనతో పాటు జావా 21ని తెచ్చుకుంది. ప్రాజెక్ట్‌లో గ్రేడిల్ పాతదే. ముహూర్తం మారింది, మేస్త్రికి కబురు వెళ్లలేదు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో వాడి కోడ్ తప్పేమైనా ఉందా? లేదు కదా. కానీ వాడు గంటన్నర సేపు తన కోడ్‌నే అనుమానించాడు.

ముందుకా, వెనక్కా?

ఇక్కడ రెండు దార్లున్నాయి. ఒకటి ముందుకి వెళ్లడం, అంటే గ్రేడిల్, ఏజీపీ అన్నీ కొత్తవి చేయడం. రెండోది వెనక్కి వెళ్లడం, అంటే జావాని మళ్లీ 17 చేయడం. మీకు ఏది కరెక్ట్ అనిపిస్తోంది?

రాత్రి పన్నెండైంది. పదింటికి రివ్యూ. నా జవాబు వెనక్కే. రేపు చూపించాల్సిన ప్రాజెక్ట్‌ని ఇవాళ అప్‌గ్రేడ్ చేయకూడదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పని జరగడం ముఖ్యం.

"గిట్‌లో పెట్టావా?" అని అడిగాను. మౌనం. ఆ మౌనం అర్థం ఏంటో నాకు తెలుసు. నేనూ ఫైనల్ ఇయర్‌లో "ప్రాజెక్ట్ ఫైనల్", "ప్రాజెక్ట్ ఫైనల్ కొత్తది", "ప్రాజెక్ట్ నిజంగా ఫైనల్" అని ఫోల్డర్లు పెట్టుకున్నవాణ్ణే. అదృష్టం కొద్దీ పోయిన వారం టీమ్‌మేట్‌కి డ్రైవ్‌లో పెట్టిన జిప్ ఫైల్ ఒకటి దొరికింది. రూమ్‌మేట్‌ని నిద్ర లేపి హాట్‌స్పాట్ తీసుకుని దాన్ని దించాడు.

ఆ జిప్‌ని కొత్త ఫోల్డర్‌లో విప్పమన్నాను. పాడైన కాపీని బాగుచేయడం మొదలుపెడితే తెల్లారుతుంది. తర్వాత స్టూడియో సెట్టింగ్స్‌లో బిల్డ్ టూల్స్, అందులో గ్రేడిల్, అందులో గ్రేడిల్ జేడీకే అని ఒక లిస్ట్ ఉంటుంది. అక్కడ 21 తీసేసి 17 పెట్టించాను. కంప్యూటర్‌లో 17 లేకపోతే అక్కడే డౌన్‌లోడ్ చేసుకునే ఆప్షన్ కూడా ఉంటుంది. సింక్ కొట్టాడు. డౌన్‌లోడ్‌లు అయ్యేసరికి ఒంటిగంట దాటింది. రన్ అయింది.

మార్చింది ఒక్కటే సెట్టింగ్. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా కాదు.

స్టూడియోలో నడుస్తుంది, టెర్మినల్‌లో నడవదు

ఇక్కడే ఇంకో మాట. కొంతమందికి విచిత్రంగా ఉంటుంది. స్టూడియోలో బిల్డ్ అవుతుంది, అదే ప్రాజెక్ట్ టెర్మినల్‌లో ఫెయిల్. "ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ రిక్వైర్స్ జావా 17 టు రన్. యు ఆర్ కరెంట్లీ యూజింగ్ జావా 11" అని వస్తుంది. నా దగ్గర 17 ఉంది కదా అని మనం కొట్టుకుంటాం.

ఉంది. కానీ స్టూడియో ఒక జావాని వాడుతుంది, టెర్మినల్ ఇంకో జావాని వాడుతుంది. టెర్మినల్ మామూలుగా "జావా హోమ్" అనే సెట్టింగ్ ఎక్కడ చూపిస్తే అక్కడి జావాని తీసుకుంటుంది. ఒకే ఇంట్లో రెండు గడియారాలు, రెండూ వేరే టైమ్ చూపిస్తున్నాయి అన్నమాట. అందుకే ఏ గొడవ వచ్చినా నేను కొట్టే మొదటి కమాండ్ ఒకటుంది. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో గ్రేడిల్‌డబ్ల్యూ స్క్రిప్ట్‌కి రెండు హైఫన్‌లు పెట్టి "వెర్షన్" అని ఇస్తాను. గ్రేడిల్ ఏ వెర్షనో, అది ఏ జావా మీద నడుస్తోందో రెండూ చెప్పేస్తుంది. ఊహించడం కంటే అడగడం మేలు.

ఆదివారం: ఇప్పుడు తీరిగ్గా ముందుకి

రివ్యూ అయిపోయింది. వాడు మళ్లీ ఫోన్ చేసి, "అన్నా, పాత వెర్షన్ల మీదే ఉంచేస్తే ఏమవుతుంది?" అన్నాడు. మంచి ప్రశ్న.

కాలేజీలో చూపించి వదిలేసే ప్రాజెక్ట్ అయితే ఏమీ కాదు. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే మాత్రం కుదరదు. గూగుల్ దాదాపు ప్రతి ఏడాదీ ఒక గీత గీస్తుంది. 2024 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లు, అప్‌డేట్‌లు ఏపీఐ లెవల్ 34ని టార్గెట్ చేయాలంది, 2025 ఆగస్టు 31కి దాన్ని 35 చేసింది. ఏపీఐ 35కి కంపైల్ చేయాలంటే ఏజీపీ కనీసం 8.6 కావాలి. ఏజీపీ 8.6కి గ్రేడిల్ 8.7 కావాలి, జావా 17 కావాలి. చూశారా, ఒక తీగ లాగితే డొంకంతా కదిలింది. వాడికి ఆ యాప్‌ని ప్లే స్టోర్‌లో పెట్టాలని ఉంది. కాబట్టి ఆదివారం కూర్చున్నాం.

మొదటి పని గిట్. అప్పుడున్న, రన్ అవుతున్న కాపీని అలాగే కమిట్ చేయించాను. ఇక ఒకే ఒక్క రూల్. ఒకసారికి ఒక్క మార్పు. అది పనిచేస్తే కమిట్. పనిచేయకపోతే చివరి కమిట్‌కి వెనక్కి. ఐదు మార్చి ఒకేసారి బిల్డ్ కొడితే ఏది పాడుచేసిందో దేవుడికే తెలియాలి.

రెండోది, 7.2 నుంచి ఎకాఎకిన 8.6కి దూకలేదు. ముందు ఏడో సిరీస్‌లో చివరిదైన 7.4కి వెళ్లాం. దానికి గ్రేడిల్ 7.5 చాలు. కొత్త మేజర్ వెర్షన్‌లో తీసేయబోయే వాటి గురించి పాత మేజర్‌లోని చివరి వెర్షన్లు ముందే వార్నింగ్ ఇస్తుంటాయి. అవి చదువుకున్నాక 8.0కి, అక్కడ అంతా సర్దుకున్నాక 8.6కి. స్టూడియో టూల్స్ మెనూలో ఏజీపీ అప్‌గ్రేడ్ అసిస్టెంట్ అని ఉంటుంది, చాలా మార్పులు అదే చేసిపెడుతుంది. కానీ మా వాడికి నేర్పాలని చేత్తోనే చేయించాను.

ఏజీపీ 8.0కి రాగానే వరసగా నాలుగు ఎర్రర్లు. 2023 ఏప్రిల్‌లో 8.0 వచ్చినప్పట్నుంచి చాలామందిని ఏడిపించిన నాలుగు ఇవే, కాబట్టి ఒక్కొక్కటి చెబుతాను.

ఒకటి. "మినిమమ్ సపోర్టెడ్ గ్రేడిల్ వెర్షన్ ఈజ్ 8.0. కరెంట్ వెర్షన్ ఈజ్ 7.5." ఇంతకంటే మర్యాదగా ఏ ఎర్రరూ చెప్పదు. గ్రేడిల్ ఫోల్డర్‌లో రాపర్ అని ఫోల్డర్, అందులో గ్రేడిల్ రాపర్ ప్రాపర్టీస్ అని ఒక చిన్న ఫైల్ ఉంటుంది. డిస్ట్రిబ్యూషన్ యూఆర్‌ఎల్ అనే లైన్‌లో నంబర్ మార్చాలి. అంతే.

రెండు. "నేమ్‌స్పేస్ నాట్ స్పెసిఫైడ్." ఇంతకుముందు యాప్ ప్యాకేజీ పేరుని మానిఫెస్ట్ ఫైల్‌లో రాసేవాళ్లం. 8.0 నుంచి దాన్ని బిల్డ్ ఫైల్‌లో నేమ్‌స్పేస్ అనే పేరుతో రాయాలి, మానిఫెస్ట్‌లోంచి తీసేయాలి. జాగ్రత్త, నేమ్‌స్పేస్ వేరు, అప్లికేషన్ ఐడీ వేరు. నేమ్‌స్పేస్ కోడ్ లోపలి అవసరం. అప్లికేషన్ ఐడీ అంటే ప్లే స్టోర్‌లో మీ యాప్ గుర్తింపు. స్టోర్‌లో పెట్టాక దాన్ని మారిస్తే అది కొత్త యాప్ కింద లెక్క. ఫ్లట్టర్ వాడేవాళ్లకి ఇంకో తిప్పలు. ఈ ఎర్రర్ మీ ఫైల్ గురించి కాకుండా మీరు చేర్చుకున్న ఏదో పాత ప్లగిన్ గురించి రావొచ్చు. ఎర్రర్‌లో ప్రాజెక్ట్ పేరు ఉంటుంది, అది చూడండి. అప్పుడు చేయాల్సింది ఆ ప్లగిన్‌ని కొత్త వెర్షన్‌కి మార్చడం.

మూడు. "అన్‌రిజాల్వ్డ్ రిఫరెన్స్: బిల్డ్‌కాన్ఫిగ్." బిల్డ్‌కాన్ఫిగ్ అనే క్లాస్‌ని ఇంతకుముందు ఏజీపీ అడగకుండానే తయారుచేసి ఇచ్చేది. 8.0 నుంచి అడిగితేనే ఇస్తుంది. బిల్డ్ ఫీచర్స్ అనే బ్లాక్‌లో బిల్డ్‌కాన్ఫిగ్‌ని ట్రూ చేస్తే సరి. ఇది చూడ్డానికి కోడ్ తప్పులా కనిపిస్తుంది. "నిన్న ఉన్న క్లాస్ ఇవాళ ఎలా మాయమైంది?" అని వెతుకుతూ కూర్చుంటాం. డిఫాల్ట్‌లు మారడం అంటే ఇదే.

నాలుగు. "ఇన్‌కన్సిస్టెంట్ జేవీఎం టార్గెట్", పక్కన బ్రాకెట్లలో 1.8 అనీ 17 అనీ రెండు నంబర్లు. 1.8 అంటే జావా 8కే పాత పేరు. మీ ప్రాజెక్ట్‌లోని జావా ఫైళ్లు 8 కోసం, కాట్లిన్ ఫైళ్లు 17 కోసం తయారవుతున్నాయి, ఇద్దరినీ ఒక మాట మీదకి తెమ్మంటోంది. కంపైల్ ఆప్షన్స్‌లో, కాట్లిన్ ఆప్షన్స్‌లో ఒకే నంబర్ పెట్టాలి.

నాలుగూ అయ్యాయి. నాలుగు కమిట్లు. తర్వాత 8.6, గ్రేడిల్ 8.7, కంపైల్ ఎస్‌డీకే 35. మొత్తం మూడు గంటలు పట్టింది. చివరికి ఆకుపచ్చ టిక్, "బిల్డ్ సక్సెస్‌ఫుల్". మా వాడు ఎగిరి గంతేశాడు. "అయిపోయిందన్నా!" అన్నాడు.

"ఇంకా కాలేదు రా. రిలీజ్ బిల్డ్ తీసి ఫోన్‌లో పెట్టి లాగిన్ అవ్వు" అన్నాను. "ఎందుకన్నా, రన్ అయిందిగా?"

ఎందుకో ఇప్పుడు చెబుతాను.

నేను చేసిన తప్పు

2023లో నేనొక కంపెనీలో పనిచేస్తున్నాను. లోడ్ బండ్లు నడిపే డ్రైవర్ల హాజరు యాప్ మా టీమ్‌ది. పొద్దున డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్ యాప్ తెరిచి హాజరు వేయాలి. ఆ హాజరుని బట్టే రోజు లెక్క.

ఏజీపీ 8.0కి నేనే అప్‌గ్రేడ్ చేశాను. ఇందాకటి ఎర్రర్లన్నీ దాటాను. డీబగ్ బిల్డ్‌లో అన్ని స్క్రీన్లూ తిరిగి చూశాను, సూపర్. శుక్రవారం సాయంత్రం ప్లే స్టోర్‌కి పంపేశాను. అది కూడా నూటికి నూరు శాతం మందికి ఒకేసారి. ఇంటికెళ్లి పడుకున్నాను.

శనివారం పొద్దున ఆరింటికి ఫోన్లు మొదలయ్యాయి. యాప్ తెరవగానే మూసుకుపోతోంది. అప్‌డేట్ వచ్చిన ప్రతి ఒక్కరికీ.

ఏం జరిగిందంటే, రిలీజ్ బిల్డ్‌లో ఆర్8 అనే టూల్ పనిచేస్తుంది. యాప్ సైజ్ తగ్గించడానికి వాడని కోడ్‌ని కత్తిరిస్తుంది, పేర్లు పొట్టి చేస్తుంది. మామూలుగా డీబగ్ బిల్డ్‌లో ఇది ఉండదు. ఏజీపీ 8.0 నుంచి ఆర్8 ఫుల్ మోడ్ అనే పద్ధతి డిఫాల్ట్ అయింది. అంటే కత్తిరింపు ఇంకా గట్టిగా చేస్తుంది. మేము సర్వర్‌తో మాట్లాడటానికి రెట్రోఫిట్ లైబ్రరీ 2.9 వాడేవాళ్లం. సర్వర్ నుంచి వచ్చేది ఏ రకం డేటానో అది యాప్ నడుస్తున్నప్పుడు కోడ్‌లోంచే చదువుకుంటుంది. ఆ రకం వివరాలు ఎవరూ వాడటం లేదనుకుని ఫుల్ మోడ్ తుడిచేసింది. మొదటి సర్వర్ కాల్‌కే యాప్ క్రాష్.

బిల్డ్ టూల్ దాని పని అది చేసింది. మారిన డిఫాల్ట్ రిలీజ్ నోట్స్‌లో రాసే ఉంది. నేను చదవలేదు. రిలీజ్ బిల్డ్‌ని ఒక్కసారి ఫోన్‌లో పెట్టి చూసినా తెలిసిపోయేది. చూడలేదు.

ప్లే స్టోర్‌లో పాత వెర్షన్‌ని అలాగే మళ్లీ పంపడం కుదరదు. ఇంకా పెద్ద వెర్షన్ కోడ్‌తో కొత్తది కట్టి పంపాలి. గ్రేడిల్ ప్రాపర్టీస్‌లో ఫుల్ మోడ్‌ని ఆపేసి, రిలీజ్ బిల్డ్ పరీక్షించి పంపాను. అది రివ్యూ అయ్యి అందరి ఫోన్లకీ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ తర్వాతి వారం తీరిగ్గా కావాల్సిన కీప్ రూల్స్ రాసి ఫుల్ మోడ్‌ని మళ్లీ పెట్టుకున్నాం. ఇప్పుడైతే రెట్రోఫిట్ కొత్త వెర్షన్లలో ఆ రూల్స్ లైబ్రరీతోనే వస్తున్నాయి.

ఆ పొద్దున వచ్చిన ఫోన్లలో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. ఒక పెద్దాయన, తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. "సార్, నేను అయిదున్నరకే వచ్చాను. ఇయ్యాల నా హాజరు పడ్తదా, పడదా?" అని అడిగాడు. నేను "పడుతుంది" అన్నాను. పడింది కూడా, సూపర్‌వైజర్లు కాగితం మీద రాసి తర్వాత ఎక్కించారు. కానీ ఆ ప్రశ్న ఆయన నన్ను అడగాల్సిన అవసరం ఎందుకొచ్చింది? నాకు ఆకుపచ్చ టిక్ కనిపించగానే పని అయిపోయిందనుకున్నాను కాబట్టి.

బిల్డ్ సక్సెస్ అంటే ప్యాకేజీ కట్టడం అయ్యిందని మాత్రమే. లోపల ఉన్నది పనిచేస్తుందని కాదు.

ఒకసారి రివిజన్

అప్‌గ్రేడ్‌కి ముందు రన్ అవుతున్న కాపీని కమిట్ చేయండి. రిలీజ్ నోట్స్‌లో మారిన డిఫాల్ట్‌ల భాగం ఒక్కటైనా చదవండి. ఎర్రర్ వస్తే "వాట్ వెంట్ రాంగ్" కింద, చివరి "కాజ్డ్ బై" దగ్గర చదివి, ఏ ఇద్దరి మధ్య ఒప్పందం తెగిందో పట్టుకోండి. ఎవరు ఏ వెర్షన్‌లో ఉన్నారో ఊహించకుండా కమాండ్ కొట్టి అడగండి. ఒకసారికి ఒక్క మార్పే. క్యాష్ డిలీట్ చేయడం చివరి ప్రయత్నం, మొదటిది కాదు, ముఖ్యంగా మొబైల్ డేటా మీద ఉన్నప్పుడు. డెడ్‌లైన్ నెత్తి మీద ఉంటే వెనక్కి వెళ్లండి, తీరిక దొరికాక ముందుకి రండి. చివరగా రిలీజ్ బిల్డ్‌ని నిజమైన ఫోన్‌లో పెట్టి చూడండి. స్టోర్‌కి పంపేటప్పుడు ముందు కొద్ది శాతం మందికే వదిలే ఆప్షన్ ఉంది, స్టేజ్డ్ రోలౌట్ అంటారు, అది వాడండి. తేడా వస్తే అక్కడితో ఆపేయొచ్చు. ఇంకా, శుక్రవారం సాయంత్రం మాత్రం పంపకండి.

మా వాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఆదివారం సాయంత్రం రిలీజ్ బిల్డ్ తీసి వాళ్ల అమ్మగారి ఫోన్‌లో పెట్టాడంట. లాగిన్ నొక్కగానే క్రాష్! వాడి ప్రాజెక్ట్‌లో కూడా అదే పాత రెట్రోఫిట్. నాకు ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో కంగారు లేదు. "అన్నా, చివరి కాజ్డ్ బై చదివాను. ఆర్8 అనుకుంటా. రెట్రోఫిట్ ఒక్కటే మార్చి మళ్లీ చూస్తా, కాకపోతే ఫోన్ చేస్తా" అన్నాడు.

మళ్లీ ఫోన్ రాలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో గిట్ గురించి మొదట్నుంచి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఫోల్డర్లకి "నిజంగా ఫైనల్" అని పేర్లు పెట్టకండి. ఉంటానండి.